సున్నా బై సున్నా ఎంత? అనంతం, అనిశ్చిత రూపాలను అడుగడుగునా తేల్చుకునే మార్గదర్శి

నల్లకుంటలో మా మేడ మీద గదిలో సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. అవధుల (లిమిట్స్) పాఠం, అంటే ఎక్స్ ఒక విలువకు చేరువవుతుంటే లెక్క ఎటు పోతుందో చూసే పాఠం, మొదలుపెట్టిన రోజు ఒక అమ్మాయి బోర్డు దగ్గరకు వచ్చి ∞/∞ అని రాసింది. పైదీ కిందదీ అడ్డగీతతో కొట్టేసి పక్కన 1 వేసింది. "పైనా అదే, కిందా అదే కదా సార్, కొట్టేస్తే ఒకటి రావాలి" అంది. తప్పేమోనని తనకూ అనుమానంగానే ఉంది. ఎక్కడ తప్పిందో మాత్రం తెలియడం లేదు. ఆ వారమంతా ఆ అమ్మాయికి నేను చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

పెన్ను, కాగితం, సైంటిఫిక్ కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లోది చాలు. కారణాంకాలు విడదీయడం వస్తే సగం దూరం వచ్చేసినట్టే. అవకలనం (డిఫరెన్షియేషన్) చివర్లోనే అవసరమవుతుంది.

మొదటి అడుగు: భాగహారాన్ని వెనక్కి తిప్పి చూడండి

12 ÷ 3 = 4 అని ఎందుకంటాం? 3ని 4తో గుణిస్తే 12 వస్తుంది కాబట్టి. భాగహారం ఎప్పుడూ గుణకారం గురించి అడిగే ప్రశ్నే.

ఇప్పుడు 5 ÷ 0 తీసుకోండి. సున్నాను దేనితో గుణిస్తే 5 వస్తుంది? దేనితోనూ రాదు. ఏ సంఖ్యా పనికిరాదు కాబట్టి 5/0కి విలువ లేదు. తర్వాత 0 ÷ 0. సున్నాను దేనితో గుణిస్తే సున్నా వస్తుంది? 1 పనికొస్తుంది, 7 పనికొస్తుంది, మైనస్ 300 కూడా పనికొస్తుంది. మొదటి చోట ఒక్క జవాబూ లేదు, రెండో చోట ఏ జవాబైనా సరిపోతుంది. మొదటిదాన్ని నిర్వచితం కానిది అంటాం, రెండోదాన్ని అనిశ్చితం అంటాం. పరీక్షల్లో పిల్లలు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేయడం చాలాసార్లు చూశాను. ఈ తేడా మనసుకు పట్టేదాకా ముందుకు వెళ్లకండి.

ఇక్కడ తడబడ్డవాళ్లలో మహామహులున్నారు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే ఆ సంఖ్యే మిగులుతుందన్నాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే 11వ శతాబ్దంలో మన పావులూరి మల్లన తెలుగు చేశాడు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు, హారంలో సున్నా ఉన్న రాశికి ఖహరమని పేరు పెట్టాడు. ప్రళయంలో ఎన్ని జీవులు లీనమైనా, సృష్టిలో ఎన్ని బయటికి వచ్చినా అచ్యుతుడిలో మార్పు లేనట్టే, ఈ రాశికి ఎంత కలిపినా, ఎంత తీసినా మార్పు ఉండదన్నాడు. అనంతం స్వభావాన్ని అంత అందంగా చెప్పిన మాట మరొకటి నాకు తెలియదు. అయితే 5/0ని అలాంటి రాశిగా ఒప్పుకుంటే మామూలు బీజగణిత సూత్రాలు నిలబడవు. ఆ చిక్కు విడిపోవడానికి అవధి అనే భావన రావాల్సి వచ్చింది.

రెండో అడుగు: అనంతాన్ని ఒక చోటుగా ఊహించుకోకండి

∞ గుర్తును 1655లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ వాలిస్ వాడుకలోకి తెచ్చాడు. గుర్తు ఉంది కాబట్టి అదీ ఒక సంఖ్యేననీ, సంఖ్యారేఖ మీద ఎక్కడో కుడి చివర కూర్చుని ఉందనీ మనకు అనిపిస్తుంది. అలాంటి చోటు లేదు. "ఎక్స్ → ∞" అని రాస్తే అర్థం ఇంతే: మీరు ఎంత పెద్ద సంఖ్య చెప్పినా సరే, ఎక్స్ దాన్ని దాటి పోతుంది. కోటి అనండి, దాటుతుంది. కోటి కోట్లనండి, దాన్నీ దాటుతుంది. ఇది ఒక ప్రయాణాన్ని చెప్పే మాట.

మన ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు ఎక్కి తిరుగుతూ ఉంటే రోడ్డు ఎక్కడా అయిపోదు. అయినా దాని పొడవు 158 కిలోమీటర్లే. చివర కనిపించకపోవడం వేరు, అనంతం కావడం వేరు.

ఇక ఇరానీ హోటల్లో వన్ బై టూ చాయ్ సంగతి. ఒక కప్పులో సగం మీరు తాగారు. మిగిలిన సగంలో సగం స్నేహితుడు తాగాడు. మిగిలినదాంట్లో సగం మరొకరు. ఇలా ఎప్పటికీ సాగిందనుకోండి: 1/2 + 1/4 + 1/8 + ... ఎంతమంది తాగినా కప్పు దాటరు. కలుపుకుంటూ పోయే కొద్దీ మొత్తం 1కి ఎంత దగ్గరగా కావాలంటే అంత దగ్గరగా వస్తుంది. లెక్కలేనన్ని పదాలు కలిపితే మొత్తం ఒక్క కప్పు. కానీ 1 + 1/2 + 1/3 + 1/4 + ... చూడండి. ఇక్కడా పదాలు చిన్నవైపోతూనే ఉంటాయి. మొత్తం 10 దాటడానికే 12,367 పదాలు పడతాయి. అంత నత్తనడకన సాగినా ఈ మొత్తం ఎక్కడా ఆగదు, ఏ హద్దునైనా దాటేస్తుంది. పదాలు సున్నాకు పోతున్నాయన్న ఒక్క సంగతి పట్టుకుని మొత్తం గురించి తీర్పు చెప్పలేం. ఎంత వేగంగా పోతున్నాయో కూడా చూడాలి. ఈ "ఎంత వేగంగా" అన్న ప్రశ్న చివరిదాకా మన వెంటే ఉంటుంది.

జార్జ్ కాంటర్ అనే గణితవేత్త 1874లో వాస్తవ సంఖ్యల అనంతం సహజ సంఖ్యల అనంతం కంటే పెద్దదని నిరూపించాడు. అది సమితుల పరిమాణం గురించిన మాట. అవధుల్లో వచ్చే ∞కీ దానికీ సంబంధం లేదు. "ఒక అనంతం పెద్దది, ఒకటి చిన్నది" అనే ఆ మాటను తెచ్చి ∞/∞ లెక్కలో వాడకండి.

మూడో అడుగు: ముందు విలువ వేసి చూడండి, ఏ రూపమో గుర్తుపట్టండి

అవధి లెక్క ఏదైనా మొదట నేరుగా విలువ ప్రతిక్షేపించండి. మామూలు సంఖ్య వస్తే, ప్రమేయం అక్కడ అవిచ్ఛిన్నమైతే (గీత తెగకుండా సాగితే), లెక్క అయిపోయింది. రాకపోతే ఈ ఏడింటిలో ఏదైనా వచ్చిందేమో చూడండి (^ పక్కన ఉన్నది ఘాతం):

0/0, ∞/∞, 0 × ∞, ∞ − ∞, 0^0, 1^∞, ∞^0

ఈ ఏడింటికీ ఒకటే లక్షణం. వీటిలో ఇద్దరు తాడు లాగుడు ఆట ఆడుతున్నారు. ∞/∞లో పైన ఉన్నది విలువను పెంచేయాలని లాగుతుంది, కింద ఉన్నది సున్నాకు దించేయాలని లాగుతుంది. 0 × ∞లో ఒకటి చిదిమేయాలని చూస్తుంది, రెండోది పొంగించాలని చూస్తుంది. 1^∞లో కింది సంఖ్య 1కి దగ్గరవుతూ "నన్ను ఎన్నిసార్లు గుణించినా 1 దగ్గరే ఉంటాను" అంటుంది. పైనున్న ఘాతం ఆ చిన్న తేడాను పట్టుకుని పెంచుకుంటూ పోతుంది. ఎవరు గెలుస్తారో, సరిసమానంగా ఎక్కడ ఆగుతారో రూపం చూసి చెప్పలేం. ఎవరి బలం ఎంతో కొలవాలి.

∞ + ∞ దగ్గర ఈ చిక్కు లేదు, ఇద్దరూ ఒకే వైపు లాగుతున్నారు, జవాబు ∞. ∞ × ∞ కూడా అంతే. 1/∞ అయితే సున్నా. 0^∞ కూడా సున్నాయే, చాలామంది దీన్ని కూడా అనిశ్చితాల్లో కలిపేస్తారు. చిన్న ధన సంఖ్యను పదేపదే అదే సంఖ్యతో గుణిస్తే ఇంకా చిన్నదవుతుంది, అక్కడ పోటీ ఏముంది?

5/0 రూపం వస్తే రెండు వైపుల నుంచీ విడివిడిగా వెళ్లాలి. 5/ఎక్స్‌లో ఎక్స్ సున్నాకు కుడి నుంచి వస్తే +∞, ఎడమ నుంచి వస్తే −∞. రెండూ కలవవు కాబట్టి అవధి లేదు. 5/ఎక్స్² అయితే రెండు వైపులా +∞.

నాలుగో అడుగు: 0/0ని నెమ్మదిగా విప్పండి

(ఎక్స్² − 4)/(ఎక్స్ − 2), ఎక్స్ 2కి చేరువవుతోంది. 2 వేస్తే 0/0. సూత్రం జోలికి పోకుండా కాలిక్యులేటర్ తీయండి. 2.1 వేస్తే 4.1, 2.01 వేస్తే 4.01, అటువైపు 1.99 వేస్తే 3.99. జవాబు 4 అని కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు కారణం వెతకండి. లవం (ఎక్స్ − 2)(ఎక్స్ + 2). ఎక్స్ − 2 పైనా కిందా కొట్టేస్తే ఎక్స్ + 2 మిగిలింది, 2 దగ్గర అది 4.

ఇక్కడ కొట్టేయడం ఒప్పయినప్పుడు ఆ అమ్మాయి కొట్టేసింది ఎందుకు తప్పు? ఎక్స్ 2కి దగ్గరగా వస్తోందే కానీ 2 కాలేదు. కాబట్టి ఎక్స్ − 2 సున్నా కాదు. సున్నా కాని సంఖ్యను సున్నా కాని అదే సంఖ్యతో భాగించాం. ∞ను ∞తో కొట్టేసినప్పుడు మన చేతిలో సంఖ్యలే లేవు. పైగా పైన ఉన్న ∞ వచ్చిన దారి, కింద ఉన్న ∞ వచ్చిన దారి ఒకటేనని ఎవరూ చెప్పలేదు.

0/0 ఏదో పరీక్ష కోసం పుట్టించిన చిక్కు అనుకోవద్దు. మెట్రో స్టేషన్ నుంచి రైలు బయల్దేరింది. టి సెకన్లలో టి² మీటర్లు వెళ్తుందనుకుందాం. సరిగ్గా 5వ సెకను దగ్గర దాని వేగం ఎంత? ఒక క్షణంలో రైలు కదిలిన దూరం సున్నా, పట్టిన కాలం సున్నా. వేగం 0/0! అందుకని ఆ క్షణాన్ని కాస్త సాగదీస్తాం. 5 నుంచి 5 + హెచ్ సెకన్ల దాకా వెళ్లిన దూరం (5 + హెచ్)² − 25, అంటే 10హెచ్ + హెచ్². దాన్ని హెచ్‌తో భాగిస్తే 10 + హెచ్. హెచ్‌ను సున్నాకు తీసుకెళ్తే సెకనుకు 10 మీటర్లు, గంటకు 36 కిలోమీటర్లు. డ్రైవర్ ముందున్న మీటరులో కనిపించే అంకె అదే. అవకలజం అంటే మర్యాదగా తేల్చిన 0/0.

తర్వాత అందరికీ తెలిసిన సైన్ ఎక్స్ / ఎక్స్, ఎక్స్ సున్నాకు పోతుంటే. పుస్తకంలో జవాబు 1. ఆ అమ్మాయి ఫోన్‌లో 0.01 వేసి చూసి "సార్, 0.01745 వస్తోంది" అంది. నాలుగుసార్లు చేసింది, నాలుగుసార్లూ అదే. ఫోన్ తీసుకుని చూశాను. స్క్రీన్ పైమూల డిగ్రీ అని ఉంది. రేడియన్‌కు మార్చి 0.1 వేస్తే 0.99833, 0.01 వేస్తే 0.99998. ముందు వచ్చిన 0.01745 కూడా దానికదే సరైనదే, అది π/180. డిగ్రీల్లో కొలిస్తే అవధి అంతే. రేడియన్ అంటే వ్యాసార్థం 1 ఉన్న వృత్తంలో చాపం పొడవు. కోణం చిన్నదవుతున్న కొద్దీ ఆ చాపమూ, సైన్ చూపించే నిలువు గీతా దాదాపు ఒకటైపోతాయి. అందుకే నిష్పత్తి 1. ఈ పాఠంలో కాలిక్యులేటర్ పట్టుకునే ముందు రేడియన్ పెట్టారో లేదో చూసుకోండి.

అయిదో అడుగు: ∞/∞ను పరుగు పందెంలా చూడండి

(3ఎక్స్² + 5ఎక్స్)/(2ఎక్స్² + 7). ఎక్స్ 10 అయితే 1.691, 100 అయితే 1.524, 1000 అయితే 1.502. పైనా కిందా ఎక్స్²తో భాగిస్తే (3 + 5/ఎక్స్)/(2 + 7/ఎక్స్²). ఎక్స్ పెరిగే కొద్దీ చిన్న ముక్కలు సున్నా అవుతాయి, మిగిలేది 3/2. బహుపదుల్లో ఎక్కువ ఘాతం ఉన్నదే గెలుస్తుంది, ఘాతాలు సమానమైతే గుణకాల నిష్పత్తే జవాబు. దీని మీద ఇంతకంటే సమయం పెట్టక్కర్లేదు.

మనసు పెట్టాల్సింది ఇక్కడ: ఎక్స్^100 పెద్దదా, 2^ఎక్స్ పెద్దదా? ఎక్స్ = 100 వేయండి. మొదటిది 100^100, అంటే 1 పక్కన 200 సున్నాలు. రెండోది 2^100, సుమారు 1.27 × 10^30. పోలికే లేదు, మొదటిది ఎక్కడో ముందుంది. ఇప్పుడు ఎక్స్ = 1000. మొదటిది 1 పక్కన 300 సున్నాలు. 2^1000 సుమారు 1.07 × 10^301. రెండోది దాటేసింది! అక్కడి నుంచి మళ్లీ వెనక్కి చూడదు. కాబట్టి ఎక్స్^100 / 2^ఎక్స్ అవధి సున్నా. ఈ లెక్క బోర్డు మీద చేసినప్పుడల్లా గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దం నాకు చాలా ఇష్టం.

ఆ పందెంలో వరస ఇది: సంవర్గమానం (లాగ్) అందరికంటే వెనక, తర్వాత ఘాతాలు (ఎక్స్, ఎక్స్², ఎక్స్^100), తర్వాత 2^ఎక్స్ లాంటివి, వాటికంటే ముందు ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటినీ గుణిస్తే వచ్చేది). ఈ వరస నోటికి వస్తే సగం ∞/∞ లెక్కలు చూడగానే తేలిపోతాయి.

ఆరో అడుగు: మిగతా రూపాలను ఈ రెంటిలోకి మార్చండి

∞ − ∞ వస్తే దాన్ని ఒకే భిన్నంగా మార్చే దారి చూడండి. √(ఎక్స్² + 6ఎక్స్) − ఎక్స్, ఎక్స్ → ∞. సున్నా వస్తుందని చాలామంది అనుకుంటారు. 100 వేస్తే 2.956, 1000 వేస్తే 2.9955. సంయుగ్మంతో (మధ్యనున్న మైనస్‌ను ప్లస్ చేసిన రూపంతో) పైనా కిందా గుణిస్తే 6ఎక్స్ / (√(ఎక్స్² + 6ఎక్స్) + ఎక్స్), ఎక్స్‌తో భాగిస్తే 6/(1 + 1) = 3. రెండు కొండలూ ఆకాశానికి ఎదుగుతూనే ఉన్నాయి, మధ్య ఎత్తు తేడా మాత్రం 3 దగ్గర నిలబడింది.

0 × ∞ వస్తే ఒకదాన్ని తలకిందులు చేసి హారంలోకి పంపండి. ఎక్స్ × లాగ్ ఎక్స్ (సహజ సంవర్గమానం), ఎక్స్ కుడి నుంచి సున్నాకు. 0.1 దగ్గర −0.230, 0.01 దగ్గర −0.046, 0.001 దగ్గర −0.0069. లాగ్ ఎక్స్ / (1/ఎక్స్) అని రాస్తే అది ∞/∞ రూపం. పందెంలో సంవర్గమానం వెనకే కాబట్టి జవాబు 0.

ఘాతాల రూపాలు మూడింటికీ మందు ఒకటే, లాగ్ తీసుకోవడం. 1^∞ను వడ్డీతో చెబితే పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. రూపాయి అప్పు, ఏడాదికి నూటికి నూరు వడ్డీ. ఏడాది చివర ఒకేసారి కడితే 2 రూపాయలు. ఆరు నెలలకోసారి వడ్డీని అసలులో కలిపితే 2.25. మూడు నెలలకోసారి అయితే 2.4414, నెలనెలా అయితే 2.6130, రోజూ అయితే 2.7146. ప్రతి క్షణం కలిపితే? (1 + 1/ఎన్)^ఎన్, ఎన్ → ∞. కింద 1కి చేరువవుతోంది, పైన ∞. జవాబు 1 కాదు, ∞ కాదు, 2.71828... అనే సంఖ్య, దాన్నే "ఈ" అంటాం. జాకబ్ బెర్నూలీ 1683లో చక్రవడ్డీ గురించి ఆలోచిస్తూనే దీని దగ్గరకు వచ్చాడు. పోటీ పరీక్షలకు ఒక దగ్గరి దారి: 1^∞ రూపం అయితే జవాబు ఈ^ఎల్. ఇక్కడ ఎల్ అంటే ఘాతం × (కింది సంఖ్య − 1) యొక్క అవధి.

∞^0కి ఉదాహరణ ఎన్^(1/ఎన్): 10కి 1.259, 1000కి 1.007, అవధి 1. 0^0కి ఎక్స్^ఎక్స్: 0.01 దగ్గర 0.955, 0.001 దగ్గర 0.993, అవధి 1. బహుపదుల్లోనూ, అమరికలు లెక్కపెట్టేటప్పుడూ 0^0 = 1 అని తీసుకుంటారు, అది సౌకర్యం కోసం చేసుకున్న ఒప్పందం. అవధిగా వస్తే మాత్రం అలా రాయొద్దు. 0^ఎక్స్‌లో ఎక్స్ కుడి నుంచి సున్నాకు వస్తే జవాబు 0.

ఏడో అడుగు: ఎల్ హాస్పిటల్ రూల్‌ను చివర్లోనే తీయండి

ఇది ఒక గణితవేత్త పేరు, ఫ్రెంచి ఉచ్చారణలో లోపితాల్. 1696లో ఆయన పుస్తకంలో అచ్చయిన ఈ సూత్రం నిజానికి యోహాన్ బెర్నూలీది. డబ్బిచ్చి ఆయన దగ్గర పాఠాలు, ఫలితాలు రాయించుకున్నాడు లోపితాల్. సూత్రం ఇది: 0/0 లేదా ∞/∞ వస్తే లవాన్ని విడిగా, హారాన్ని విడిగా అవకలనం చేసి అవధి చూడండి. ఆ కొత్త అవధి ఉంటే అసలు జవాబూ అదే. సూత్రం వెనక ఉన్న ఆలోచన మనకు తెలిసిందే, ఎవరు ఎంత వేగంగా పోతున్నారో పోల్చడం.

నేను చదువుకునే రోజుల్లో అవధి కనబడితే చాలు ఈ రూల్ వేసేసేవాణ్ని, మార్కులు పోగొట్టుకునేవాణ్ని. ఒకసారి (ఎక్స్ + 1)/(ఎక్స్ + 2), ఎక్స్ → 1 అన్న లెక్కకు జవాబు 1 రాశాను. విలువ నేరుగా వేస్తే 2/3. అక్కడ 0/0 అసలు లేనే లేదు, నేను చూసుకోలేదు. ప్రతి మెట్టు దగ్గరా రూపాన్ని మళ్లీ పరీక్షించడం అప్పటి నుంచే అలవాటు చేసుకున్నాను.

ఇంకో గుంట: (ఎక్స్ + సైన్ ఎక్స్)/ఎక్స్, ఎక్స్ → ∞. రూల్ వేస్తే 1 + కాస్ ఎక్స్, అది 0కీ 2కీ మధ్య ఊగుతూనే ఉంటుంది. అవధి లేదని రాసేస్తారు. కానీ ఎక్స్‌తో భాగించి చూడండి: 1 + సైన్ ఎక్స్/ఎక్స్. రెండో ముక్క సున్నా, జవాబు 1. కొత్త అవధి లేనప్పుడు రూల్ మనకు ఏమీ చెప్పదు, అంతే.

కాలిక్యులేటర్‌కూ ఒక హద్దు ఉంది. కంప్యూటర్లో (1 + 1/ఎన్)^ఎన్‌కు ఎన్ = 10^16 వేస్తే 2.718 బదులు సరిగ్గా 1 వస్తుంది. 1కి అంత చిన్న ముక్క కలిపితే దాచుకునే చోటు లేక అది జారిపోతుంది. మాధాపూర్‌లో కోడ్ రాసే పిల్లలకు ఇది రోజువారీ విషయమే. కంప్యూటర్లు సంఖ్యలతో లెక్కలు ఎలా చేయాలో చెప్పే 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ∞ − ∞కూ, 0/0కూ జవాబుగా "నాన్" ఇస్తుంది, అంటే సంఖ్య కాదని. కాబట్టి 0.1, 0.01, 0.001 దాకా వెళ్లి జవాబు ఊహించండి, తర్వాత కాగితం మీద నిరూపించండి.

చేసి చూడాల్సినవి

వరసగా చేయండి, ప్రతిదానికీ ముందు రూపం పేరు పక్కన రాయండి. (ఎక్స్³ − 27)/(ఎక్స్ − 3), ఎక్స్ → 3. (1 − కాస్ ఎక్స్)/ఎక్స్², ఎక్స్ → 0. √(ఎక్స్² + 10ఎక్స్) − √(ఎక్స్² + 4ఎక్స్), ఎక్స్ → ∞. (1 + 3/ఎన్)^ఎన్, ఎన్ → ∞. చివరిగా (ఎక్స్² + 1)/(ఎక్స్ − 1), ఎక్స్ → 1.

మొదటి నాలుగింటి జవాబులు 27, 1/2, 3, ఈ³ (సుమారు 20.09). అయిదోదానికి విలువ వేస్తే 2/0 వచ్చింది, అది ఏడింటిలో లేదు. కుడి నుంచి +∞, ఎడమ నుంచి −∞, అవధి లేదు. ఆ అమ్మాయి దీన్ని చూసి పెన్ను పక్కన పెట్టి, "ఇందులో కొట్టేయడానికి ఏమీ లేదు సార్, రెండు వైపులా చూడాలి" అంది.